దుబాయ్ నాలుగు గంటలే.. మరి అన్న ఇంటికి చేరేసరికి ఇరవై ఎనిమిది గంటలెందుకు పట్టింది?

మా బాపు జనవరి నెలల ఒక మంగళవారం మబ్బుల ఐదు గంటలకు పాణం ఇడిసిండు. అన్న దుబాయ్‌ల ఉన్నడు. ఇంట్ల ఏడుపులు మొదలైనయి. వాకిట్ల కూసున్న పెద్దమనుషులు నన్ను పక్కకు పిలిచి ఒక్కటే మాట అడిగిండ్రు: "పెద్దోడు ఎన్ని గంటలల్ల వస్తడు?"

నేను డిగ్రీ చదివినోణ్ణి. ఫోన్ తీసి కొట్టి చూసిన. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు మూడున్నర గంటలు అని వచ్చింది. "నాలుగు గంటలే పెదనాయినా, ఎంత లేటైనా మాపటికల్ల ఇంట్ల ఉంటడు" అని చెప్పిన.

ఆ మాట మీదనే అందరు ఆగిండ్రు. జగిత్యాల నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పిద్దామా అని మా మేనమామ అడిగితే, "మాపటికే వస్తడట కదా, ఇంక పెట్టెందుకు" అన్నరు. మాపటికి అన్న రాలె. చలికాలం, పొద్దు జల్ది మూకుతది. ఇగ ఆగుడు మంచిగుండదని పెద్దలు తేల్చిండ్రు. అన్న పెట్టాల్సిన తలకొరివి నేను పెట్టిన. అన్న తెల్లారి తొమ్మిది గంటలకు ఊరు చేరిండు. ఇంట్లకు గూడ రాలె, బ్యాగు భుజాన ఉండంగనే కాటికాడికి పోయిండు. ఆడ బూడిద తప్ప ఏం లేదు.

మబ్బుల ఐదింటికి ఫోన్ పోతే తెల్లారి తొమ్మిదింటికి మనిషొచ్చిండు. అంటే 28 గంటలు. అండ్ల విమానం తీసుకున్నది మూడున్నర గంటలు, ఎనిమిదింట్ల ఒక్క వంతు. మిగిలిన ఏడు వంతులు ఎటు పోయినయి? ఈ లెక్క ఆ రోజు పొద్దుగాల నాకు తెలిసి ఉంటే, "రేపు పొద్దుగాల దాక రాడు, పెట్టె తెప్పియ్యుండ్రి" అని చెప్పేటోణ్ణి. అన్న బాపు మొఖం చూసుకునేటోడు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ దిక్కు గల్ఫ్‌ల మనిషి లేని వాడకట్టు దొరుకుడు కష్టం. ఇసుంటి పొద్దు ఎవలింటికైనా రావచ్చు. అందుకే ఆ నాలుగు గంటల మాట ఏందో, అది ఎంత వరకు నిజమో, మొదటి నుంచి చెప్తున్న. జర ఓపికతోని చదువుండ్రి.

దూరం ఎంత?

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నేరుగ గీత గీస్తే దాదాపు 2,550 కిలోమీటర్లు. ఈ నేరుగ అనేదాన్ల ఒక మతలబు ఉంది. గోడకు వేలాడే మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత నేరుగీత కాదు. భూమి గుండ్రంగ ఉంది కాబట్టి, ఒక గుమ్మడికాయ తీసుకోని దాని మీద రెండు సుక్కలు పెట్టి, నడుమ దారం బిగ్గగ గుంజి చూడుండ్రి. ఆ దారం పడ్డ తొవ్వే అన్నిటికన్న దగ్గరి తొవ్వ. అమెరికా పొయ్యే విమానాలు మ్యాపు మీద పైకి, ఉత్తర ధ్రువం దిక్కు వంగి పోతున్నట్టు కనవడేది గందుకే. ఆ తొవ్వ వంకర కాదు, మ్యాపే వంకర. దుబాయ్ మనకు దగ్గర కాబట్టి ఈ తేడా అంతగనం కనిపియ్యది.

మిగిలిన గల్ఫ్ ఊర్లు గూడ చూద్దాం. హైదరాబాద్ నుంచి మస్కట్ దాదాపు 2,200 కిలోమీటర్లు. దోహా 2,900. రియాద్, కువైట్ రెండు దగ్గర దగ్గర 3,400. అంటే సౌదీల పనిచేసే తమ్ముడు దుబాయ్‌ల ఉన్నోనికంటే ఇంకో 850 కిలోమీటర్ల అవతల ఉన్నట్టు. అందర్ని కలిపి "దుబాయ్ పోయిండు" అంటం గని, దుబాయ్‌లు అన్నీ ఒక్క దూరంల లెవ్వు.

విమానం గూడ దారం గుంజినట్టు పోదు. మోటరు సైకిల్‌కు రోడ్డున్నట్టే విమానాలకు గూడ ఆకాశంల తొవ్వలు గీసి ఉంటయి. హైదరాబాద్‌ల లేచినంక మహారాష్ట్ర మీదికెల్లి అరేబియా సముద్రం దాటి, ఒమన్ దిక్కుకెల్లి దుబాయ్‌ల దిగుతది. ఆ మలుపులతోని ఓ నూట యాభై కిలోమీటర్లు ఎక్కువ పడుతయి. యుద్ధం లొల్లి వస్తే తొవ్వలే మూస్తరు. 2025 ఏప్రిల్‌ల పాకిస్తాన్ తన ఆకాశంల మన దేశపు విమానాలను రానియ్యమని మూసేసినప్పుడు, ఢిల్లీ నుంచి పడమర పొయ్యేటియి సుట్టు తిరిగి పోవాల్సొచ్చింది. మన హైదరాబాద్‌యి సముద్రం మీదికెల్లి పోతయి కాబట్టి ఆ దెబ్బ తక్కువ. కని అదే ఏడు జూన్ 23 రాత్రి గల్ఫ్ దేశాలే కొన్ని గంటలు ఆకాశం మూసినప్పుడు అందరు ఎక్కడోళ్లక్కడ ఆగిపోయిండ్రు.

నాలుగు గంటలు ఎట్ల అయితది?

పెద్ద విమానం పైకి పోయినంక గంటకు దాదాపు 850 కిలోమీటర్లు పోతది. 2,700 కిలోమీటర్లను 850తోని భాగిస్తే మూడు గంటల పది నిమిషాలు. మరి టికెట్ మీద పోయేటప్పుడు దగ్గర దగ్గర నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర ఎందుకుంటది?

మొదటి సంగతి, ఆ టైముల విమానం నేల మీద మెల్లగ దొర్లేది గూడ కలిసే ఉంటది. తలుపు మూసినంక రన్‌వే దాక పోవాలె, ముందున్న విమానాలు లేసేదాక ఆగాలె. లేసినంక పది పదకొండు కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కేదాక, మళ్ల దిగేటప్పుడు, పూర్తి జోరు ఉండది. ఇవన్ని కలిసి ఓ అర్ధ గంట తింటయి.

రెండో సంగతి గాలి. పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు పడుతదో దీన్లనే ఉంది.

మా ఊర్ల ఒక సోపతిగాడు దీనికి తన తెలివి చెప్పిండు. "భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతది కదరా, పడమర పొయ్యే విమానానికి దుబాయ్ తానే ఎదురొస్తది, జల్ది చేరాలె" అని. ఇనడానికి నిజమే అనిపిస్తది. మన హైదరాబాద్ కాడ భూమి గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల జోరుతోని తిరుగుతది గూడ. కని భూమి ఒక్కతే తిరగది, తన మీది గాలినంత ఎంబడేసుకోని తిరుగుతది. నడిచే బస్సుల కూసోని పల్లికాయ పైకి ఎగిరేస్తే అది వెనుక సీటోని నెత్తిన పడుతదా? నీ చేతులనే పడుతది. ఎందుకంటే పల్లికాయ గూడ బస్సు జోరుతోనే పోతున్నది. విమానం గూడ గంతే. భూమి తిరుగుడుతోని నేరుగ వచ్చే లాభం లేదు, నష్టం లేదు.

ఉన్నదల్ల పై గాలి. చలికాలంల మన ఉత్తరాది మీద, అరేబియా దిక్కు, ఆ ఎత్తుల గాలి పడమర నుంచి తూర్పుకు జోరుగ వీస్తది. జెట్ స్ట్రీమ్ అంటరు. దాని అసలు ధార గంటకు నూట యాభై కిలోమీటర్లు దాటి గూడ ఉంటది. మన తొవ్వ దాని అంచున పోతది. కాకతీయ కాలువల ఈతకొట్టినోళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. పారకానికి ఎదురు కొడితే చేతులు గుంజుతయి, పారకం ఎంబడి కొడితే అదే నూకపోతది.

లెక్క ఏసి చూద్దాం. ఎదురుగాలి గంటకు 80 కిలోమీటర్లు ఉందనుకో. 850ల నుంచి 80 తీసేస్తే 770. అప్పుడు 2,700 కిలోమీటర్లకు మూడున్నర గంటలు. అదే గాలి వెనుక నుంచి తోస్తే 930. అప్పుడు మూడు గంటల లోపే. పోవుడుకు వచ్చుడుకు 35 నిమిషాల ఫరక్ గాలి ఒక్కదాంతోనే వచ్చింది. నేల మీది అర్ధ గంట కలిపితే నాలుగు, మూడున్నర. టికెట్ మీద ఉన్నది ఇదే.

వానకాలం వస్తే కత మారుతది. జూన్ నుంచి సెప్టెంబర్ దాక మన దక్కన్ మీద పై గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తది. అప్పుడు పోవుడుకు వచ్చుడుకు నడుమ ఫరక్ తగ్గుతది. మా బాపు పోయింది జనవరిల. అంటే గాలి అన్న వెనుకనే ఉండి ఇంటికి తోసే కాలం అది. లేటైంది గాలితోని కాదు.

గడియారం చేసే మోసం

టికెట్ మీద మనోళ్లు ఎక్కువ గల్తీ పడేది ఇక్కడ. హైదరాబాద్‌ల పొద్దుగాల 10:00కు లేసి దుబాయ్‌ల 12:30కు దిగుతదని రాసి ఉందనుకో. చూడంగనే రెండున్నర గంటలనిపిస్తది. మళ్ల వచ్చేటప్పుడు దుబాయ్‌ల రాత్రి 10:00కు లేసి హైదరాబాద్‌ల 3:00కు దిగుతదని ఉంటది. ఐదు గంటలనిపిస్తది. రెండూ తప్పే. మొదటిది నాలుగు గంటలు, రెండోది మూడున్నర.

టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరి గడియారం ప్రకారమే రాస్తరు. దుబాయ్ గడియారం మనకంటె గంటన్నర వెనుక. ఎందుకంటే భూమి 24 గంటలల్ల 360 డిగ్రీలు తిరుగుతది, అంటే ఒక్క డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తది, ఆ గీత ఉత్తరప్రదేశ్‌ల మీర్జాపూర్ దగ్గరికెల్లి పోతది. దుబాయ్ గడియారం 60 డిగ్రీల లెక్క మీద నడుస్తది. నడుమ 22.5 డిగ్రీలు. నాలుగుతోని గుణిస్తే 90 నిమిషాలు. మన దగ్గర పొద్దు పొడిచిన గంటన్నరకు ఆడ పొడుస్తదన్నట్టు. మస్కట్ గూడ దుబాయ్ లెక్కనే. సౌదీ, కువైట్, ఖతర్ అయితే మనకంటె రెండున్నర గంటలు వెనుక.

యాది పెట్టుకునే సూత్రం ఒక్కటే: ముందుగాల రెండు టైములను మన టైముల్లకు మార్చుకో, గప్పుడు తీసివెయ్యి. దుబాయ్ రాత్రి 10:00 అంటే మనకు 11:30. ఆడికెల్లి 3:00 దాక మూడున్నర గంటలు. లెక్క సాఫ్.

ఇంకో మోసం తారీకుది. రాత్రి 12 దాటినంక లేసే విమానాలు మస్తుంటయి. టికెట్ మీద 12వ తారీకు 00:40 అని ఉంటే, నువ్వు 11వ తారీకు రాత్రి భోజనం యాల్లకే ఎయిర్‌పోర్టుల ఉండాలె. 12వ తారీకు రాత్రి అనుకోని పోయి, విమానం నిన్ననే పోయిందని ఏడ్చుకుంట వచ్చినోళ్లను నేను చూసిన.

నేల మీది గంటలు

విమానం లెక్క అయిపోయింది. ఇగ ఫోన్ల కొడితే కనిపియ్యని లెక్క.

బయటి దేశం పొయ్యే విమానానికి మూడు గంటల ముందు రమ్మంటరు. కౌంటర్ గంట ముందుగాలనే మూసేస్తరు. దిగినంక ఇమిగ్రేషన్ లైను, సామాన్ల బెల్టు, కలిపి ఒక గంట. శంషాబాద్ నుంచి మా ఊరికి రెండు వందల కిలోమీటర్ల పైన, కారుల ఐదు గంటలు. ఇవి ఎవ్వలు ఎంత ఉరికినా తగ్గయి. మూడు, మూడున్నర, ఒకటి, ఐదు. కలిపితే పన్నెండున్నర. క్యాంపు నుంచి ఎయిర్‌పోర్టుకు పోవుడు, బట్టలు సదురుకునుడు గూడ ఏసుకుంటె పదమూడు, పద్నాలుగు. అంటే కబురు అందిన నిమిషంలనే టికెట్ చేతుల పెట్టినా, అన్న పద్నాలుగు గంటల లోపల ఇంటికి వచ్చే తొవ్వే లేదు. నేను చెప్పింది నాలుగు.

వెనుకట ఇంకా కష్టముండె. మా పెదనాయిన కాలంల గల్ఫ్ పోవాలంటే బొంబాయి బస్సెక్కి, ఆడ రోజుల తరబడి పడి ఉండి, విమానం ఎక్కేది. హైదరాబాద్ నుంచే గల్ఫ్ విమానాలు మొదలైనంక మనకు సగం తొవ్వ దగ్గరైంది. గాలిల దూరం అప్పుడు ఇప్పుడు ఒక్కటే, తగ్గింది నేల మీది దూరమే.

నేరుగ కాకుండ నడుమ ఆగి వచ్చే టికెట్ అయితే ఇంకో సంగతి. ముంబైలనో, ఢిల్లీలనో దిగితే, మన దేశంల ముందుగాల దిగిన జాగలనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అయితయి. సామాను తీసుకోని మళ్ల ఇయ్యాలె. రెండు గంటల గ్యాపు ఉందని ధైర్యం చేసి కొన్నరనుకో, మొదటి విమానం జర లేటైతే రెండోది పోయినట్టే. రెండు టికెట్లు వేరు వేరుగ కొంటె, తప్పిన విమానం పైసలు గూడ పోయినట్టే.

అన్న 28 గంటలు

ఇప్పుడు మా అన్న లెక్క మన టైము ప్రకారం చెప్త. రెండేండ్ల కింద ఒక రాత్రి ఇద్దరం అరుగు మీద కూసోని కాయితం మీద రాసుకున్నం.

మబ్బుల 5:00కు నేను ఫోన్ చేసిన. ఆడ 3:30. క్యాంపు ఇంచార్జి లేసేసరికి మనకు 7:30. ఆఫీసు తెరిచేసరికి 9:30. అన్న పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది. అది ఇంకో ఆఫీసు బీరువల ఉంది. బీరువ తాళం ఉన్న సారు వచ్చేసరికి, సెలవు కాయితం మీద సంతకం అయ్యేసరికి, పాస్‌పోర్టు చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం 2:30. అంటే తొమ్మిదిన్నర గంటలు పాస్‌పోర్టు కోసమే.

అప్పటికి పగటి విమానాలు పోయినయి. రూముల ఉన్నోళ్లు తలా ఇన్ని పైసలు ఏసి టికెట్ తీసిండ్రు. దొరికింది రాత్రిది, మన టైముల 11:30. ఇంకో తొమ్మిది గంటలు కూసుండుడు. గాలిల మూడున్నర గంటలు. దిగి బయటికి వచ్చుడు ఒక గంట. కారుల ఐదు. తొమ్మిదిన్నర, తొమ్మిది, మూడున్నర, ఒకటి, ఐదు. 28.

పాస్‌పోర్టు అన్న జేబుల ఉండి ఉంటె? దుబాయ్ టైం పొద్దుగాల పదింటి విమానం దొరికినా మనకు మధ్యాహ్నం మూడింటికి శంషాబాద్‌ల దిగేటోడు. రాత్రి తొమ్మిదింటికి ఇంట్ల ఉండేటోడు. పదహారు గంటలు. అప్పుడు గూడ నేను చెప్పిన మాపటికి అందకపోవు. కని ఒక్క రాత్రి ఆగుడు వేరు, ఎన్నడొస్తడో తెల్వక ఆగుడు వేరు.

పనోళ్ల పాస్‌పోర్టు కంపెనీ గుంజుకోని పెట్టుకునుడు ఆడి చట్టం ప్రకారం గూడ తప్పే. "పోతది, పైలంగ మా దగ్గర ఉంటది" అని చెప్పి పెట్టుకుంటరు. కొత్తగ పోయినోడు సరే అంటడు. దాని ధర ఏందో ఇసుంటి రోజు తెలుస్తది.

సెలవు సంగతి గూడ తెలిసి ఉండాలె. దుబాయ్ ఉన్న యుఏఈల 2021 కార్మిక చట్టం 33 ప్రకారం, ప్రైవేటు కంపెనీల పనిచేసేటోనికి తల్లో, తండ్రో, బిడ్డనో, అన్నదమ్ముడో, అక్కచెల్లెనో పోతే మూడు రోజులు జీతంతోని సెలవియ్యాలె. భార్యనో, భర్తనో పోతే ఐదు రోజులు. ఇది అడుక్కునేది కాదు, హక్కు. కని మన లెక్కతోని చూడుండ్రి. రావడానికి ఒక రోజు, పోవడానికి ఒక రోజు పోతే మిగిలింది ఒక్క రోజు. మూడో దినం పిట్టకు పెట్టేది గూడ అందది. మిగిలిన రోజులు ఏడాది సెలవుల్ల నుంచి కోసుకోవాలె. మా అన్న పదకొండో దినం దాక ఉన్నడు. ఆ ఏడు మళ్ల ఇంటికి రాలె.

సౌదీల ఉన్నోళ్లకు ఇంకో గడప ఉంది. ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా లేకుంట బయటికి వచ్చి మళ్ల పోవుడు కాదు. ఆ గంటలు గూడ కలుపుకోవాలె.

ఇగ ఆడనే పాణం పోయినోళ్ల సంగతి. అదే 2,550 కిలోమీటర్లు, అదే విమానం. కని ఆసుపత్రి కాయితం, పోలీసు కాయితం, మరణ పత్రం, మన కాన్సులేట్ కాయితం, పాస్‌పోర్టు రద్దు, శవం చెడకుంట మందు పెట్టుడు, ఇవన్ని అయినంకనే పెట్టె విమానం ఎక్కుతది. రోజులు పడుతది, ఒక్కోసారి వారాలు. దూరం కిలోమీటర్లల్ల లేదనడానికి ఇంతకన్న ఏం చెప్పాలె.

పొయ్యేటోళ్లకు, ఇంటికాడ ఉండేటోళ్లకు

పొయ్యే తమ్ముండ్లకు నాలుగు మాటలు. పాస్‌పోర్టు నీ దగ్గరనే పెట్టుకో. గుంజుకుంటే కనీసం ఎవరి దగ్గర, ఏ ఆఫీసుల, తాళం ఎవరి చేతుల ఉంటదో తెలుసుకో, ఆ సారు నంబరు ఫోన్ల పెట్టుకో. పాస్‌పోర్టు, వీసా ఫొటోలు ఇంటికి గూడ పంపు, టికెట్ ఈడికెల్లి గూడ తియ్యొచ్చు. ఒక్క టికెట్ పైసలు ఎప్పటికీ ముట్టకుంట పక్కకు పెట్టు. అప్పటికప్పుడు కొనే టికెట్ మామూలు ధరకు దొరకది.

టికెట్ చూసేటప్పుడు దుబాయ్ ఒక్కటే చూడకు. షార్జా ఎయిర్‌పోర్టు పక్కనే ఉంటది. అబుదాబి రోడ్డు మీద గంటన్నర. దుబాయ్‌ల రాత్రిది దొరికితే షార్జాల పగటిది దొరకొచ్చు. మా అన్న ఆ రోజు అది చూడలె, మేమూ చెప్పలె.

ఇంటికాడ ఉండేటోళ్లకు ఒక్కటే మాట. పెద్దమనుషులు "ఎన్ని గంటలు" అని అడిగితే విమానం టైం చెప్పకుండ్రి. ముందుగాల అన్నకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడుగుండ్రి. పాస్‌పోర్టు ఎక్కడుంది? టికెట్ ఏ టైముకు దొరికింది? అది ఆడి టైమా, ఈడి టైమా? ఆ విమానం శంషాబాద్‌ల దిగే టైముకు ఒక గంట, మీ ఊరి తొవ్వ కలుపుండ్రి. అదే నిజమైన లెక్క. టికెట్ చేతికి రాకముందు ఎవ్వలు అడిగినా "రేపటి దాక" అనే చెప్పుండ్రి. జల్ది వస్తే మంచిదే.

పోయిన ఎండకాలం మా వెనుక వాడకట్టుల ఒక ముసలవ్వ పోయింది. కొడుకు మస్కట్‌ల ఉన్నడు. మనుమడు ఇంటర్ పిల్లగాడు, ఫోన్ పట్టుకోని నా దగ్గరికి ఉరికొచ్చిండు. "అన్నా, మూడున్నర గంటలే చూపిస్తున్నది, మాపటికి వస్తడని చెప్పాల్నా?" అని అడిగిండు.

వద్దని చెప్పిన. ఇద్దరం కూసోని ముందు వాళ్ల నాయినకు ఫోన్ కలిపినం. పాస్‌పోర్టు ఆయన దగ్గరనే ఉంది. టికెట్ రాత్రిది దొరికింది. మన టైముల్లకు మార్చి, ఒక గంట, తొవ్వ ఐదు గంటలు కలిపితే తెల్లారి ఎనిమిది అని వచ్చింది. పిల్లగాడు వాకిట్లకు పోయి పెద్దల ముంగట నిలవడి, "తెల్లారి ఎనిమిదికి వస్తడు, పెట్టె తెప్పియ్యుండ్రి" అని గట్టిగ చెప్పిండు. జగిత్యాల నుంచి పెట్టె వచ్చింది. రాత్రంత కరెంటు పోకుంట చూసుకున్నరు.

కొడుకు ఎనిమిదింబావుకు కారు దిగిండు. తల్లి మొఖం చూసుకున్నడు. నేను ఆడ ఎక్కువ సేపు ఉండలేకపోయిన.